ప్రియొరాట్: పలకరాయిలో పండే స్పానిష్ రెడ్ వైన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది బార్సిలోనాలో. హైదరాబాద్ నుంచో, లండన్ నుంచో, డల్లాస్ నుంచో మా ఇంటికొచ్చే చుట్టాలు, స్నేహితులు మొదట అడిగేది సగ్రదా ఫమిలియా చర్చి టికెట్ల గురించి. రెండోది, కాస్త గొంతు తగ్గించి, వైన్ గురించి. "ఇక్కడ గట్టి రెడ్ వైన్ ఏదో చెప్పు" అంటారు. నేను ప్రియొరాట్ అంటాను. ఇక అక్కణ్ణుంచి ప్రశ్నలే ప్రశ్నలు. ప్రతిసారీ అవే చెప్పలేక ఇలా ఒకచోట రాసి పెట్టాను. తాగే అలవాటు లేనివాళ్లకి ఇందులో పని ఏమీ లేదు. కొండలూ రాళ్లూ పాత కథలూ ఇష్టమైతే మాత్రం చదవొచ్చు.

ప్రియొరాట్ అంటే ద్రాక్ష పేరా, కంపెనీ పేరా?

రెండూ కాదు, ప్రాంతం పేరు. బనగానపల్లె ఊరి పేరే మామిడి పేరైనట్టు, ఇక్కడ ప్రాంతం పేరే వైన్ పేరైంది. స్పెయిన్ ఈశాన్యాన కాటలోనియాలో, తారగోనా నగరానికి వెనక వైపు కొండల్లో ఉంది. గ్రటల్యోప్స్, పొర్రేరా, పోబొలేడా, తొరోజా, ఎస్కలాదేయ్ లాంటి చిన్న చిన్న ఊళ్లు. కొన్నింట్లో మనుషుల కంటే పిల్లులే ఎక్కువ కనిపిస్తాయి.

స్పెయిన్ వైన్ చట్టంలో అన్నిటికంటే పై హోదా ఇప్పటిదాకా రెండే ప్రాంతాలకు దక్కింది. ఒకటి 1991లో రియోహాకి. రెండోది ప్రియొరాట్‌కి: కాటలోనియా ప్రభుత్వం 2000లో ఇచ్చింది, మాడ్రిడ్ దాన్ని ఒప్పుకునేసరికి 2009 అయింది. ఫైళ్లు కదలడం ఎక్కడైనా ఒకటే.

పేరు ఎలా పలకాలి?

సీసా మీద ప్రియొరాట్ అనే ఉంటుంది. స్పానిష్‌లో ప్రియొరాతో. బార్సిలోనా కాటలన్ వాళ్లు ఒత్తు లేని "ఒ"ని "ఉ"గా పలుకుతారు కాబట్టి వాళ్ల నోట అది "ప్రియురాట్" అవుతుంది. మా బావ ఒకసారి విని "ప్రియురాలా?" అన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు అదే.

అంత స్ట్రాంగ్ ఎందుకు ఉంటుంది?

ఎండ ఎక్కువ, వాన తక్కువ, మట్టి దాదాపు లేదు. తీగ బతకడమే గగనం. అలాంటిచోట గుత్తులు కొన్నే కాస్తాయి, పళ్లు చిన్నగా ఉంటాయి, లోపల రసం తక్కువ, తొక్క వాటా ఎక్కువ. రంగూ వగరూ తొక్కలోనే ఉంటాయి. ఆ కొద్దిపాటి రసంలో చక్కెర దండిగా చేరుతుంది, పులిసేటప్పుడు ఆ చక్కెరే ఆల్కహాల్ అవుతుంది. అందుకే సీసా మీద 14.5, 15 శాతం అని చూస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇక్కడి రెడ్ వైన్‌కి కనీసం 13.5 శాతం ఉండాలని నిబంధనే ఉంది.

ముఖ్యమైన ద్రాక్షలు రెండు. గర్నాచా: పలచటి తొక్క, బోలెడు తీపి, కాబట్టి బోలెడు ఆల్కహాల్. ముగ్గిన పండు రుచి దీన్నుంచే వస్తుంది. కరిన్యేనా: దీనికి పులుపూ రంగూ వగరూ ఎక్కువ. లేబుల్ మీద కొన్నిసార్లు సంసో అని రాస్తారు, కంగారు పడొద్దు, అదే ఇది. గర్నాచా ఒక్కదాన్నే వదిలేస్తే పాకంలా సాగిపోయే ప్రమాదం ఉంది, కరిన్యేనా దాన్ని నిటారుగా నిలబెడుతుంది. పప్పులో చింతపండు చేసే పని అనుకోండి. వీటితోపాటు కాబెర్నే సొవిన్యోన్, సిరా, మెర్లో కూడా కొంత కలుపుతారు. నాకైతే ఈ ఫ్రెంచ్ ద్రాక్షలు తగ్గేకొద్దీ ప్రియొరాట్ బాగుపడుతోందనిపిస్తుంది.

అందరూ చెప్పే ఆ నల్లరాయి సంగతేంటి?

దాని పేరు లికొరెల్యా. పొరలు పొరలుగా విడిపోయే పలకరాయి, మధ్యలో తెల్లటి పలుగురాయి, అభ్రకం తళుకు. మార్కాపురం పలకల మీద అఆలు దిద్దిన తరం వాళ్లకి దీన్ని వేరే వివరించక్కర్లేదు. గ్రటల్యోప్స్ పక్కన ఒక తోటలో నేను వంగి ఒక ముక్క తీసుకుంటే చేతిలోనే రెండు రేకులుగా విడిపోయింది. లోపలి వైపు తడిగా, చల్లగా ఉంది. బయట ఆగస్టు ఎండ మాడు పగలగొడుతోంది. అప్పుడర్థమైంది, వేళ్లు ఎందుకు ఆ పగుళ్లలోంచి అంత లోతుకి దిగుతాయో. నీళ్లు ఉన్నది అక్కడే.

తోటలన్నీ నిలువు వాలు మీద ఉంటాయి. కొన్నిచోట్ల మెట్లలా చెక్కారు, కొన్నిచోట్ల అదీ లేదు. ట్రాక్టర్ ఎక్కని చోట ఇప్పటికీ కంచరగాడిద చేత దున్నిస్తారు. ముసలి తీగలు కొన్ని ఏడాదికి కిలో పళ్లు కూడా ఇవ్వవు, ఒక సీసాకి దాదాపు కిలో, కిలోంపావు పళ్లు కావాలి. అంటే చెట్టుకి ఒక సీసా లెక్క కూడా తేలదన్నమాట.

ఈ రాయి రుచి వైన్‌లోకి వస్తుందా అంటే, అమ్మేవాళ్లు వస్తుందంటారు. వేళ్లు రాతిని నమిలి గ్లాసులోకి పంపవు. రాయి చేసేది నీళ్లని కొలిచి ఇవ్వడం, పగటి వేడిని పట్టి ఉంచడం. అది తెలిసీ, గ్లాసులో ముక్కు పెడితే తొలకరి చినుకు పడ్డ బండ వాసన వస్తుందని నేనూ చెబుతాను. రెండూ నిజమే.

సన్యాసులు మొదలుపెట్టారంటారు, నిజమేనా?

నిజమే. పేరులోనే ఉంది. మఠాధిపతిని ప్రియర్ అంటారు, ఆయన ఏలుబడిలో ఉన్న నేల ప్రియొరాట్. 1194లో కార్తూసియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు ఇక్కడ మఠం కట్టారు. ఒక పశువుల కాపరికి ఒక పైన్ చెట్టు మీద నిచ్చెన, దాని మీదుగా స్వర్గానికి ఎక్కుతున్న దేవదూతలు కనిపించారని ఐతిహ్యం. అందుకే మఠానికి స్కలా దేయ్, అంటే దేవుడి నిచ్చెన అని పేరు. కార్తూసియన్లు మౌనవ్రతులు, మాట్లాడేది తక్కువ, పని ఎక్కువ. ద్రాక్ష సాగు చుట్టుపక్కల ఊళ్లకి నేర్పింది వాళ్లే.

1835లో స్పెయిన్ ప్రభుత్వం మఠాల ఆస్తుల్ని స్వాధీనం చేసుకున్నప్పుడు సన్యాసులు వెళ్లిపోయారు, మఠం దోపిడీకి గురై శిథిలమైంది. ఆ రాళ్లు మోన్‌సాంట్ కొండ కింద ఇప్పటికీ చూడొచ్చు. 19వ శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా అనే వేరు పురుగు వచ్చి తోటల్ని తుడిచిపెట్టింది. రైతులు బట్టల మిల్లుల్లో పనికి వలసపోయారు. తర్వాత ఎనభై, తొంభై ఏళ్లు ఇక్కడి వైన్ ఎక్కువగా పీపాల లెక్కన అమ్ముడుపోయేది, వేరే ఊళ్ల పలచటి వైన్‌కి బలం కలపడానికి.

మరి ఇంత పేరు ఎప్పుడొచ్చింది?

1989లో. రెనే బార్బియే అనే ఆయన 1979లోనే ఇక్కడ నేల కొన్నాడు. ఆయన వెనకాల రియోహా నుంచి అల్వారో పలాసియోస్, దఫ్నే గ్లోరియన్, ఫల్సెట్ అనే ఊళ్లో వైన్ పాఠాలు చెప్పే జుసెప్ ల్యుయీస్ పేరెస్, కార్లెస్ పస్త్రానా. చేతిలో డబ్బులు పెద్దగా లేవు. 1989 పంటని అందరూ కలిసి ఒకేచోట వైన్ చేశారు, ఉన్నది ఒకే వైన్, దాన్నే ఐదు లేబుళ్లతో సీసాల్లో పోశారు. క్లోస్ మొగడోర్, క్లోస్ దొఫీ, క్లోస్ ఎరాస్మస్, క్లోస్ మార్తినేత్, క్లోస్ దె లొబాక్. ఊరివాళ్లు వీళ్లని పిచ్చోళ్లనుకున్నా అనుకోకపోయినా, ఆ రోజుల్లో ఈ వాలు మీద డబ్బు పెట్టడం మాత్రం పిచ్చిపనే.

ఇరవై ఏళ్లు తిరక్కుండా క్లోస్ ఎరాస్మస్ 2004 వైన్‌కి, ఆ వెంటనే 2005కి అమెరికాలో పేరున్న వైన్ అడ్వకేట్ పత్రిక వందకి వంద మార్కులు వేసింది. 1993లో పలాసియోస్ ముసలి గర్నాచా తీగల నుంచి లెర్మీతా అనే వైన్ మొదలుపెట్టాడు, ఇప్పుడు దాని సీసా వెయ్యి యూరోలు దాటుతుంది. నేను తాగలేదు. షాపులో అద్దాల వెనక చూశాను, దండం పెట్టుకుని వచ్చాను.

రియోహా, రిబెరా, తోరో కూడా స్పెయిన్ రెడ్ వైన్లే కదా. తేడా ఏంటి?

ఆ మూడింటిలోనూ ప్రధాన ద్రాక్ష టెంప్రనీయో. రియోహా ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఊరి, నెమ్మదస్తుడిలా ఉంటుంది. రిబెరా దెల్ దువేరో చలి ఎక్కువ ఉండే ఎత్తైన పీఠభూమిది, చిక్కగా బిగువుగా ఉంటుంది. తోరో పేరే ఎద్దు, తాగినా అలాగే ఉంటుంది. ప్రియొరాట్ బలంలో తోరోకి తీసిపోదు, కానీ దానిలో అడవి మూలికల వాసన, ఆ బండ వాసన వేరు.

నోట్లో ఎలా ఉంటుంది?

నల్లగా పండిన నేరేడు పండు గుర్తు తెచ్చుకోండి. మొదట తీపి, వెనకే వగరు, నాలుక ఊదా రంగు. ప్రియొరాట్ ఆ దారినే వెళుతుంది. పైన ఎండు అంజీర, అతిమధురం, కొండ గాలికి పెరిగిన రోజ్‌మేరీ, థైమ్ ఆకులు. గొంతులో దిగేటప్పుడు వేడి. ఆ వేడి ఆల్కహాల్‌ది.

టానిన్ అనే మాటకి మన దగ్గర చక్కటి పదం ఉంది: వగరు. పచ్చి అరటికాయ, వక్క, కరక్కాయ నమిలినప్పుడు నోరు పట్టేసినట్టు అవుతుందే, అదే. ఇంగ్లిష్ వాళ్లు పేజీలు పేజీలు రాసి వివరించేదాన్ని మన పిల్లలకి ఉగాది పచ్చడే నేర్పేస్తుంది.

ఒక గ్లాసు ఎన్ని పెగ్గులకి సమానం?

ఎవరూ నమ్మని లెక్క ఇది. 15 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో 22.5 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మన విస్కీ 42.8 శాతం, 60 మిల్లీల లార్జ్ పెగ్గులో దాదాపు 25.7. అంటే ఒక గ్లాసు ప్రియొరాట్ లార్జ్ పెగ్గుకి కాస్తే తక్కువ. సీసా మొత్తం నాలుగు లార్జ్‌ల పైమాటే. "వైనే కదా" అని జ్యూస్ తాగినట్టు తాగి, సోఫాలోనే నిద్రపోయిన అతిథులు మా ఇంట్లో ముగ్గురున్నారు. పేర్లు చెప్పను.

తాగాక కారు తాళాలు ముట్టుకోకండి. గుండెకి మంచిదట కదా అని అడిగేవాళ్లకి: ఆల్కహాల్ ఎంత తక్కువైనా పూర్తి క్షేమం అని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. దీన్ని మందుగా భావించి తాగొద్దు.

స్ట్రాంగ్ వైన్ కాబట్టి కారం కూరలకి బాగుంటుంది కదా?

ఈ పేజీ మొత్తం ఈ ప్రశ్న కోసమే రాశానని అనుకోండి. కాదు. అందరూ చేసే తప్పే ఇది, నేనూ చేశాను.

మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక పండక్కి గోంగూర మటన్ చేశాం. మిరపకాయలు ఊరి నుంచి తెచ్చినవి. మాంసం ఘాటు, వైన్ ఘాటు, రెండూ జోడీ కుదురుతాయని మంచి ప్రియొరాట్ తీశాను. మొదటి ముద్ద, మొదటి గుటక. మా బావ గ్లాసు కింద పెట్టి, "బామ్మర్దీ, ఇది వైనా, కారప్పొడి కలిపిన కషాయమా?" అన్నాడు. నిజంగానే అలా ఉంది. ముప్పై ఐదు యూరోల సీసా. మజ్జిగ తెచ్చుకుని భోజనం ముగించాం.

ఎందుకలా అయిందంటే, మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద ఏ గ్రాహకాన్ని తట్టి మంట పుట్టిస్తుందో, ఆల్కహాల్ కూడా దాన్నే తడుతుంది. ఆల్కహాల్ ఎంత ఎక్కువుంటే మంట అంత పెరుగుతుంది. దానికి తోడు కారం పడ్డ నోటికి వగరు మరింత గరుకుగా తగులుతుంది. గోంగూర, చింతపండు పులుపు ముందు వైన్ పండు రుచి చప్పబడిపోతుంది. బలానికి బలం జోడిస్తే ఇక్కడ చెల్లదు. దీనికి కావలసింది కొవ్వు, ఉప్పు, నిప్పు మీద కాలిన వాసన. కారం, పులుపు, పంచదార కాదు.

అయితే దీని సొంత ఊళ్లో దేనితో తాగుతారు?

గొర్రె మాంసం మొదటిది. కాటలోనియాలో ద్రాక్ష తోటల కొమ్మలు చలికాలంలో కత్తిరించి, కట్టలు కట్టి ఎండబెడతారు. ఆ ఎండు కొమ్మలు భగ్గున మండి, క్షణాల్లో ఎర్రటి నిప్పులవుతాయి. వాటి మీద సన్నటి గొర్రె పక్కటెముకలు ఉప్పు మాత్రం వేసి కాలుస్తారు. కొవ్వు కారి నిప్పుల మీద పడి చిటపటలాడుతుంటే, అంచులు నల్లబడేదాకా ఉంచి తీస్తారు. పక్కన అల్యోలి, అంటే వెల్లుల్లీ ఆలివ్ నూనే కలిపి నూరిన చిక్కటి ముద్ద. అంతే. వైన్ వగరు మాంసం ప్రొటీన్‌నీ కొవ్వునీ పట్టుకుంటుంది, నోరు పట్టేయడం మానేస్తుంది, అప్పుడు లోపలి పండు రుచి బయటపడుతుంది. అదే వైన్, అరగంట ముందు ఉత్తిగా తాగింది గుర్తుపట్టలేం.

చలికాలం చివర్లో ఈ కొమ్మల మంట మీదే మొదట కల్‌సోట్స్ అనే పొడవాటి ఉల్లికాడలు కాలుస్తారు. బయటి పొర మసి, లోపల వెన్న. రొమెస్కో తరహా చట్నీలో ముంచి, తల పైకెత్తి నోట్లోకి వదులుతారు. ఈ చట్నీలో ఉండేది బాదం, హేజల్‌నట్, కాల్చిన టమాటా, వెల్లుల్లి, కారం లేని ఎండు మిరప. రంగు చూసి మనవాళ్లు ఎర్రకారం అనుకుని భయపడతారు, తిన్నాక మరో గిన్నె అడుగుతారు. ఉల్లికాడలకి తేలిక వైన్ చాలు, ప్రియొరాట్‌ని మాంసం వచ్చేదాకా ఆపమని నా సలహా.

తర్వాత వేట. అడవిపంది మాంసాన్ని వైన్‌లో నానబెట్టి గంటల తరబడి సన్నమంట మీద ఉడికించే కూర, కుందేలు, చిన్న మేకపిల్ల రోస్ట్. బుటిఫార్రా అనే పంది సాసేజ్‌కి పక్కన తెల్ల చిక్కుడు గింజలు వేయించి పెడతారు, ఇది రోజువారీ భోజనం, దానికి ప్రియొరాట్‌లో చవక రకం చక్కగా సరిపోతుంది. శరదృతువులో కొండల్లో దొరికే నారింజ రంగు పుట్టగొడుగులు వెల్లుల్లితో వేయిస్తే నేను మాంసం కూడా అడగను.

మన వంటల్లో ఏదీ పనికిరాదా?

పనికొచ్చేవి ఉన్నాయి, వెతకాలి. నా అనుభవంలో అన్నిటికంటే కుదిరింది హైదరాబాదీ హలీం. గోధుమ, మాంసం, నెయ్యి కలిసి మెత్తగా నలిగి ఉంటాయి, మసాలా ఉంటుంది గానీ మిరప మంట ఉండదు, పైన వేయించిన ఉల్లిపాయలు. నిమ్మకాయ మాత్రం పిండకండి. రెండోది పత్థర్ కా గోష్త్: బండ మీద కాలిన మాంసం, రాతిలో పండిన వైన్, కాకతాళీయమే అయినా బాగుంది. పచ్చిమిర్చి తగ్గించి మిరియాల మీద చేసిన మటన్ వేపుడు కూడా సరే. మిరియం ఘాటుని ఈ వైన్ మిరపకాయంత పగబట్టదు.

బిర్యానీ సగం సగం. ఒట్టి మటన్ బిర్యానీ, మసాలా తక్కువదైతే నడుస్తుంది, మిర్చీ కా సాలన్ పోసుకున్నారో అయిపోయింది. నాటుకోడి పులుసు, చేపల పులుసు, చికెన్ 65, రొయ్యల ఇగురు వద్దు. చేపలకి వగరున్న రెడ్ వైన్ తగిలితే నోట్లో ఇనుప రుచి వస్తుంది. ఆవకాయ సంగతి అడగనే వద్దు.

మేం శాకాహారులం. మాకు?

వంకాయ. ఇక్కడ ఎస్కలివాడా అని చేస్తారు: వంకాయ, ఎర్ర క్యాప్సికం, ఉల్లిపాయ నేరుగా మంట మీద మాడ్చి, తోలు వలిచి, పేలికలుగా చీల్చి, ఆలివ్ నూనె, ఉప్పు చల్లుతారు. మన కాల్చిన వంకాయ పచ్చడికి చుట్టమే, చింతపండూ మిర్చీ లేకుండా. పుట్టగొడుగుల వేపుడు, నెయ్యి వేసిన రాజ్మా, పాలకూర శనగలు కూడా బాగుంటాయి, కారం తగ్గిస్తే.

ఇంకో మాట. వైన్ తేటపడటానికి కొన్నిచోట్ల గుడ్డు తెల్లసొన, జెలటిన్, చేప నుంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు సీసా వెనక వీగన్ గుర్తు ఉందో లేదో చూసుకోండి.

చీజ్, చాక్లెట్?

చీజ్ గట్టిదీ పాతదీ అయి ఉండాలి. ఏడాది మాగిన మాంచెగో అన్నిటికంటే తేలిక దారి. మెత్తటి తెల్ల చీజ్‌లు ఈ వైన్ కింద నలిగిపోతాయి. చాక్లెట్ అయితే తీపి తక్కువున్న నల్లది. ఇక్కడి పిల్లల పాత చిరుతిండి ఒకటుంది, బ్రెడ్ ముక్క మీద నల్ల చాక్లెట్, ఆలివ్ నూనె, చిటికెడు ఉప్పు. దాన్ని పెద్దవాళ్లు వైన్‌తో తింటారు. గులాబ్‌జామూన్, బొబ్బట్టు పక్కన పెడితే వైన్ వట్టి పుల్లనీళ్లలా తోస్తుంది.

ఎంత చల్లగా ఇవ్వాలి? ముందే తెరవాలా?

రెడ్ వైన్ గది వేడిమిలో తాగాలనే మాట చలి దేశాల రాతి ఇళ్లలో పుట్టింది. మే నెల విజయవాడ గదికి అది వర్తించదు. 16 నుంచి 18 డిగ్రీలు కావాలి. మన దగ్గరైతే ఫ్రిజ్‌లో ముప్పావు గంట ఉంచి తీయండి. వెచ్చగా ఉంటే ఆల్కహాల్ ఆవిరి ముక్కుకి గుచ్చుకుంటుంది, ఇంకేమీ తెలీదు.

కుర్ర వైన్ అయితే గంట ముందు తెరిచి, వెడల్పాటి జగ్గులోకి ఒంపండి. మూత తీసి అలాగే ఉంచితే సీసా మెడలోకి గాలి ఎంత పోతుంది? ఒంపాల్సిందే. ఖరీదైన గాజు కూజా అక్కర్లేదు, మేం నిమ్మరసం జగ్గు వాడతాం.

లేబుల్ మీద ఏం చూడాలి?

రియోహాలో లాగా ఎంతకాలం మాగిందో చెప్పే క్రియాంజా, రెసెర్వా అనేవి ఇక్కడ అంత పట్టించుకోరు. "వి దె విలా" అని ఉంటే ఒకే ఊరి పరిధిలో పండిన ద్రాక్ష అని అర్థం, అలాంటివి పన్నెండు పరిధులున్నాయి. దానిపైన ఒకే మడిది, ఇంకా పైన ఒకే తోటది, అలా మెట్లున్నాయి. మొదటిసారి కొనేవాళ్లకి ఇదంతా టెన్షన్ అక్కర్లేదు. ఏ సంవత్సరం, ఎంత శాతం, గర్నాచా కరిన్యేనాలు ఎంత ఉన్నాయి, ఈ మూడూ చూసుకుంటే చాలు.

ఖరీదు ఎక్కువ కదా, చవకలో ఏదైనా?

స్పెయిన్‌లో 15 యూరోల దగ్గర్నుంచి పరవాలేదనిపించేవి దొరుకుతాయి. అంతకంటే తక్కువైతే ప్రియొరాట్ పేరు కోసం తాపత్రయపడకుండా పక్కింటి మోన్‌సాంట్ కొనండి. ప్రియొరాట్ చుట్టూ గుర్రపు నాడాలా ఉన్న ప్రాంతం అది, 2001 నుంచి సొంత గుర్తింపు ఉంది. ద్రాక్షలు అవే, నేల వేరు, ధర తక్కువ. రోజువారీకి మా ఇంట్లో అదే.

హైదరాబాద్‌లో దొరుకుతుందా?

మన ఊళ్లో "వైన్స్" అన్న బోర్డు కింద విస్కీ, బీర్ తప్ప వైన్ వెతుక్కోవాలన్న సంగతి మీకు తెలిసిందే. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం, దానిపైన రాష్ట్రం పన్నులు, అందుకే స్పెయిన్ ధరతో పోల్చుకుంటే గుండె గుభేలుమంటుంది. తేలిక దారి, వచ్చేటప్పుడు తెచ్చుకోవడం: ప్రయాణికుడికి రెండు లీటర్ల దాకా మద్యానికి సుంకం ఉండదు, అంటే రెండు సీసాలు. సీసాకి జీన్స్ ప్యాంటు చుట్టి, చెక్ ఇన్ సూట్‌కేస్ నడిమధ్య పెట్టండి. అంచున పెట్టిన మా స్నేహితుడి పెళ్లి షేర్వానీ ఇప్పటికీ ఊదా రంగులోనే ఉంది.

ఇంటికి చేరాక ఫ్రిజ్ పైన పెట్టకండి. వేడీ అదురూ రెండూ అక్కడే ఉంటాయి. చీకటిగా చల్లగా ఉన్న అల్మరాలో పడుకోబెట్టండి. వేసవి వస్తోందంటే దాచుకోవడం మానేసి తాగేయడం మేలు.

చూడటానికి వెళ్లాలంటే?

బార్సిలోనా నుంచి మార్సా ఫల్సెట్ స్టేషన్‌కి రైలుంది, కానీ ఊళ్ల మధ్య తిరగడానికి కారు కావాలి. తాగనివాడు ఒకడు తోడుండాలి. ఫల్సెట్‌లో, సగ్రదా ఫమిలియా శిల్పి గౌదీ శిష్యుడు సెజర్ మార్తినెల్ 1919లో కట్టిన రైతుల సహకార వైన్ భవనం ఉంది, బయట కోటలా, లోపల గుడిలా. తర్వాత స్కలా దేయ్ మఠం. అక్కణ్ణుంచి సాయంత్రం సియురానా కొండ కొమ్ము. మే మొదట్లో ఫల్సెట్‌లో వైన్ సంత జరుగుతుంది, గ్లాసు కొనుక్కుని మెడలో తగిలించుకుని తిరగడమే. మిగతా రోజుల్లో తోటలకి ఫోన్ చేసి చెప్పి వెళ్లండి, చాలావరకు ఇంటివాళ్లే నడిపేవి, కోతల కాలంలో తలుపు తీసే మనిషి కూడా ఉండరు.

సీసా అడుగున నల్లటి మడ్డి ఉంది. పాడైందా?

లేదు. రంగూ వగరూ ఏళ్లు గడిచేకొద్దీ ముద్దకట్టి కిందకి దిగుతాయి. ముందురోజే సీసాని నిలబెట్టి ఉంచండి, మెల్లగా ఒంపండి, చివరి రెండు చెంచాలు వదిలేయండి. మిగిలిన వైన్‌ని బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండుమూడు రోజులు ఉంటుంది. ఆ తర్వాత పుల్లబడితే మటన్ ఉడుకుతున్న గిన్నెలో పోసేయండి, ఉల్లిపాయలు ఎర్రగా వేగాక, నీళ్లకి ముందు. ఆ రోజుకి గోంగూర వద్దు.